మూత

పన్నెండు దాటింది. నిద్ర పట్టట్లేదు. వంటింట్లో ఇంకా టర్కీ కోడి వాసన పోలేదు.

థాంక్స్‌గివింగ్ అయ్యాక చవగ్గా వచ్చిందని ఈయన తెచ్చి ఫ్రీజర్లో పెట్టిన బ్రెస్ట్, అంటే రొమ్ము మాంసం. ఎముకతో ఆరు పౌండ్లు. గడ్డకట్టింది గడ్డకట్టినట్టు స్లో కుక్కర్లో, అదే గంటల తరబడి సన్నని వేడి మీద ఉడికించే కరెంటు కుక్కర్లో, వేయకూడదు, లోపలి మాంసం వేడెక్కేలోపు పాడవుతుంది. అందుకే గురువారం రాత్రే ఫ్రిజ్‌లోకి దించా. పొద్దున తొమ్మిదింటికి తడి తుడిచి, చర్మం కిందికి వేళ్లు పోనిచ్చి, వెన్నలో నూరిన వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి, నిమ్మ తొక్క తురుము కలిపి పట్టించా. ఉప్పు మాత్రం చిటికెడే. ఉప్పునీళ్లు ముందే ఎక్కించామని ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచా. నీళ్లు చుక్క కూడా పోయలేదు, దానిలోంచి ఊరే నీరే చాలు. తక్కువ వేడి మీద పెట్టి అయిదున్నర గంటలు అనుకున్నా.

ఆలోపు అత్తయ్య నాలుగుసార్లు మూత తీశారు. నేను చూసినవే నాలుగు! తీసిన ప్రతిసారీ ఆవిరంతా పోతుంది, ఆ వేడి మళ్లీ పుంజుకోడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. రెండుసార్లు నెమ్మదిగానే చెప్పా. మూడోసారి గరిటె కూడా పెట్టారు. "నీళ్లే పోయలేదు కదమ్మా, అడుగంటుతుందేమోనని" అన్నారు. నాలుగోసారి నా గొంతు లేచింది. "ముట్టుకోవద్దన్నాను కదా అత్తయ్యా!" పిల్లల ముందే. ఆవిడ చప్పుడు కాకుండా మూత పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం పప్పన్నం తిని లేచారు.

నాయనమ్మ దాలి గుర్తొచ్చింది. పెరట్లో గుంట, అందులో పిడకలు, మంట లేకుండా రాజుకుంటూ ఉండే నిప్పు, మీద పాల కుండ. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రబడేవి. మీగడ రొట్టెలా మందంగా కట్టేది, అంచుల్లో గోధుమరంగులో. ఆ వాసన పిడకలదో పాలదో విడదీసి చెప్పలేను. మీగడ కోసం చెయ్యి పెట్టబోతే, "మూత తీశావంటే పాలకి పొగ పడుతుందే" అనేది. 1940లో ఈ కుక్కర్‌కి పేటెంట్ తెచ్చుకున్న ఇర్వింగ్ నాక్సన్‌కి కూడా వాళ్లమ్మ చెప్పిన పాత వంటతోనే ఆలోచన వచ్చిందట. లిథువేనియాలో యూదులు శుక్రవారం పొద్దుగూకకముందే కుండ తీసుకెళ్లి బేకరీ పొయ్యిలో పెట్టి, మర్నాటిదాకా వదిలేసేవాళ్లట.

మూత తీయకూడదని ఇంతమందికి తెలుసు కదా అని రాయబోయా. కానీ నాయనమ్మ తీసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కసారి మూత వారగా జరిపి, పాలు చూసి, పిడక ఒకటి లోపలికి నెట్టేదో, బయటికి లాగేదో. చూడకుండా ఎప్పుడూ వదల్లేదు.

నేను చూడలేదు. పోయిన వేడికి సరిపోతుందని నా అంతట నేనే ఇంకో గంట పొడిగించా. మూత తీయకూడదన్న పంతంతో థర్మామీటర్ గుచ్చలేదు. 165 ఫారన్‌హీట్ వస్తే చాలు, నేను చూసేసరికి 187. కొవ్వు లేని మాంసం, ఊరుకుంటుందా, పీచుపీచైపోయింది. మధ్యాహ్నమంతా అది అత్తయ్య వల్లే అనుకున్నా. ఆవిడ మూత తీసినందుకు ఉడకడం ఆలస్యమవుతుందే గానీ ఎండిపోదు. ఎండబెట్టింది నేను కలిపిన గంట.

రుచి బాగానే కుదిరింది. పాలిపోయిన చర్మాన్ని ఓవెన్లో పైమంట కింద ఎర్రగా కాల్చా. చిన్నాడు రెండోసారి వేయించుకున్నాడు.

అడుగున దిగిన రసం గిన్నెలోకి వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టా. రేపు మిగిలిన ముక్కలు చీల్చి ఆ రసంలోనే మగ్గబెట్టి, కరివేపాకు, ఎండుమిర్చి పోపు వేస్తే పీచు తెలియదు. పోపు అత్తయ్యని పెట్టమంటా. ఆవిడ ఆరింటికి లేస్తారు. నేను అయిదున్నరకి అలారం పెట్టుకున్నా.