చివరి బస్సు కోసం

నాన్నకి మోకాలి ఆపరేషన్ 2024 జూన్ మూడో వారంలో అయింది. ఇంటికి తీసుకొచ్చిన రోజే ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగా చెప్పి వెళ్లింది. నొప్పి పుట్టినా సరే రోజూ సాయంత్రం మోకాలు వంచాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. నాన్న నొప్పికి భయపడే మనిషి కాదు. ఖాళీగా కూర్చోవడమే ఆయన వల్ల కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపాడు, అందులో చాలా ఏళ్లు విజయవాడ నుంచి శ్రీశైలం సర్వీసు. అలాంటి మనిషి కృష్ణలంకలో రెండు గదుల ఇంట్లో మంచానికి అతుక్కుపోయేసరికి మూడో రోజుకే మాట తగ్గిపోయింది. వ్యాయామం చెయ్యమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఆ నెలాఖర్లోనే టూర్ డి ఫ్రాన్స్, మూడు వారాల సైకిల్ రేసు, మొదలవుతోంది. ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా సైకిల్ తొక్కి రావడం నాకు అలవాటు. ఆ ఇష్టంతోనే ఈ రేసు చూడటం మొదలుపెట్టాను గానీ, అప్పటిదాకా చూసిందల్లా హైలైట్సే. ఈసారి రోజుకొకటిగా సాగే 21 స్టేజీలూ లైవ్‌లో చూడాలి, నాన్నని పక్కన పెట్టుకుని చూడాలి అనుకున్నాను. రేసు నడిచినంతసేపూ మోకాలి వ్యాయామం. ఒప్పందం అదే.

టైము మనకి బాగా కలిసొస్తుంది. వేసవిలో ఫ్రాన్స్ కంటే మనం మూడున్నర గంటలు ముందుంటాం. అక్కడ మధ్యాహ్నం బయల్దేరే స్టేజి మనకి సాయంత్రం మొదలై, చాలా రోజులు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో అయిపోతుంది. ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి కూర్చుంటే అసలు పోటీ అప్పుడే అందుకుంటుంది.

తీరా మొదటి రోజే చిక్కొచ్చి పడింది. జూన్ 29, టీ20 ప్రపంచ కప్ ఫైనల్ కూడా ఆ రాత్రే. టీవీ నాన్నది, ఫోన్ నాది. అక్కడ కోహ్లీ నిలబడి ఆడుతున్నాడు. ఇక్కడ, ఆ ఏడాది ఇటలీలో మొదలైన రేసులో, ఫ్లోరెన్స్ నుంచి రిమినీకి 206 కిలోమీటర్ల స్టేజిలో రొమేన్ బార్డే, అతని జట్టులోనే కొత్త కుర్రాడు ఫ్రాంక్ వాన్ డెన్ బ్రూక్ ఇద్దరే ముందున్నారు. వెనక గుంపంతా తరుముకొస్తోంది. బార్డేకి ఇది చివరి టూర్. మొత్తం రేసులో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ అన్నేళ్లలో ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఐదంటే ఐదే సెకన్ల తేడాతో గీత దాటి, పక్కనున్న కుర్రాణ్ణి చేత్తో చూపించాడు. నేను కేక పెడితే నాన్న కోహ్లీ అవుటయ్యాడనుకుని ఉలిక్కిపడి ఫోన్ లాక్కున్నాడు.

ఆ సాయంత్రం ముందు భాగంలోనే ఇంకొకటి చూశాను. బ్రిటన్ ఆటగాడు మార్క్ కావెండిష్, 39 ఏళ్లవాడు, తొలి కొండ దగ్గరే గుంపు నుంచి జారిపోయాడు. ఎండకి వాంతులు. చుట్టూ అతని జట్టువాళ్లు, ఒకడు నీళ్లు పోస్తున్నాడు, ఒకడు ముందుండి గాలికి అడ్డం కాస్తున్నాడు. ఇండియా గెలిచిన హడావిడి అంతా సద్దుమణిగాక, వీధిలో ఇంకా టపాసులు మోగుతుంటే నాన్న అడిగాడు.

“ఇందాక కక్కుకున్నాడే, ఆ పెద్దాయన ఏమయ్యాడమ్మా?”

39 నిమిషాలు వెనకబడినా చేరాడు, టైము లోపలే చేరాడు అని చెప్పాను. “టైమేంటి?” అన్నాడు. నిద్రొస్తోందని రేపు చెప్తానన్నాను.

చెప్పింది జులై 2న, గలీబియే కొండ రోజు. ఆ కొండ ఎత్తు 2,642 మీటర్లు. స్లొవేనియా ఆటగాడు పొగాచార్ కొండ కొసన ఒంటరిగా దూసుకెళ్లి, అవతలి వైపు వల్వార్‌కి దిగేశాడు. నాన్న మాత్రం ఆ దిగుడులో మలుపుమలుపుకీ తన కాలు బ్రేక్ మీద ఉన్నట్టే నొక్కుతున్నాడు. ఆపరేషన్ అయిన కాలితోనే! ఫిజియోథెరపీ అమ్మాయి వారం నుంచి బతిమాలుతున్నది ఆ పది నిమిషాల్లో దానంతటదే జరిగిపోయింది.

గెలిచినవాళ్లు వచ్చేశాక వెనక ఎవరుంటారో అప్పుడు చెప్పాను. చదును నేల మీద స్ప్రింట్ కొట్టే బరువైన ఆటగాళ్లు కొండలెక్కలేరు. వాళ్లంతా ఒకచోట చేరి, గుంపుగా, నెమ్మదిగా వస్తారు. గెలిచినవాడి టైము మీద స్టేజిని బట్టి ఇంత శాతం అని కలిపి గడువు పెడతారు. ఆ లోపు రాకపోతే మర్నాడు బయల్దేరడానికి లేదు, ఇంటికే. ఆ వెనక గుంపుని ఇటలీ వాళ్లు గ్రుపెట్టో అంటారు. ఫ్రాన్సు వాళ్లు ‘ఆటోబ్యూస్’ అంటారు, అంటే బస్సు.

నాన్న చప్పున నా వైపు తిరిగాడు. “బస్సా?”

“బస్సే నాన్నా.”

“మరి డ్రైవరెవరు?”

ఆ ప్రశ్న వేరెవరూ అడగరు. నిజంగానే ఆ గుంపులో అనుభవమున్నవాడొకడు లెక్కలు వేస్తూ అందర్నీ నడిపిస్తాడు. ఎంత టైముంది, ఎంత దూరముంది, ఎక్కడ పోగొట్టుకోవచ్చు, ఎక్కడ రాబట్టుకోవాలి. నేనింకా చెప్తూనే ఉన్నాను, నాన్న అందుకున్నాడు. “ఇది దోర్నాల గేటు లెక్కే.” దోర్నాల దాటితే శ్రీశైలం దాకా పులుల అడవి, రాత్రిపూట గేటు వేసేస్తారు. ఎక్కడో టైర్ పంక్చరయ్యో, మార్కాపురం దగ్గర ఆలస్యమయ్యో బస్సు వెనకబడితే, గేటు పడేలోపు అందుకోవాలి. బస్సు నిండా జనం, పిల్లలు. “అట్లాంటప్పుడు ఘాట్‌లో తొందరపడకూడదు. ఎక్కేటప్పుడు బండిని ఏడిపిస్తే ఇంజన్ వేడెక్కి అక్కడే కూర్చుంటుంది. సెకండ్ గేర్‌లో మెల్లగా ఎక్కించి, ప్లెయిన్‌లో లాక్కోవాలి.” సరిగ్గా ఆటోబ్యూస్ చేసేదీ అదే. కొండ మీద ఎవర్నీ వదలకుండా ఒకే వేగంతో ఎక్కుతారు, దిగుడులోనూ చదునులోనూ వంతులవారీగా ముందుకొచ్చి గాలి కాస్తూ వేగం పెంచుతారు. ఒంటరివాడు ఆ గాలికి ఎదురు తొక్కి గడువు అందుకోవడం చాలా కష్టం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రేసు తలకిందులైంది. ముందున్నవాణ్ణి నేను చూసేదాన్ని, వెనకున్నవాణ్ణి నాన్న చూసేవాడు.

గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో ఏ రోజు గళ్లో ఆ రోజు గెలిచినవాడి పేరు రాయడం కూడా అప్పుడే మొదలైంది. తిథి, వర్జ్యం కింద మిగిలిన కాస్త జాగాలో, ఎర్ర బాల్‌పెన్‌తో, డ్రైవర్ల లాగ్ షీట్ రాసినట్టు బిగించి రాసేవాడు. జులై 1 గళ్లో ‘గిర్మయ్, ఎరిత్రియా’ అని ఉంది. టూరిన్‌లో ఆ రోజు బినియమ్ గిర్మయ్ గెలిచాడు. ఈ రేసులో స్టేజి గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్. ఎరిత్రియా ఎక్కడుందో మ్యాపులో చూపించమని అడిగి మరీ చూశాడు నాన్న.

జులై 3న నాకు ఆఫీసులో ఆలస్యమైంది. అడ్మిషన్ల సీజను, ఫీజు రశీదులు తెగలేదు. రిజల్టు ఎక్కడా కంటపడకూడదని ఫోన్‌లో నెట్ ఆపేసి, బందరు రోడ్డు మీద ఆటో ఎక్కాను. ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. తలుపు తీసింది నాన్న. వాకర్ పట్టుకుని, మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా తనే నడిచొచ్చాడు. మొహం చూస్తే ఏదో జరిగిందని తెలిసిపోతోంది, పెదాలు మాత్రం బిగబట్టుకున్నాడు. “నేనేం చెప్పను. కాళ్లు కడుక్కుని రా, మొదట్నుంచీ పెట్టు.” అన్నం కంచాలు ఒళ్లో పెట్టుకుని చూశాం. సెయింట్ వుల్బా ఊళ్లో, చివరి రెండు వందల మీటర్లలో, మొదటి రోజు వాంతులు చేసుకున్న కావెండిష్ ఖాళీ దొరకబుచ్చుకుని అందర్నీ దాటేశాడు. 35వ స్టేజి గెలుపు. బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్ 34 దగ్గర 1975 నుంచీ ఆగి ఉన్న రికార్డు. కావెండిష్ 2021లో దాన్ని సమం చేశాడు, 2023లో పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు, రిటైర్ అవుతానన్నవాడు ఇంకొక్క ఏడాది అని తిరిగొచ్చాడు. అప్పటికే తెలిసిన నాన్న ఆ క్షణం వచ్చేసరికి తెరవైపు చూడలేదు, నా మొహం చూస్తూ కూర్చున్నాడు.

అన్ని రోజులూ అలా గడవలేదు. జులై 10, లె లియోరాన్ స్టేజి. ముగింపుకి 30 కిలోమీటర్ల ముందే పొగాచార్ వెళ్లిపోయాడు. అతనికి గట్టి పోటీదారు, డెన్మార్క్ ఆటగాడు వింగెగార్డ్ ఒక్కో సెకను తగ్గించుకుంటూ వస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వైఫై పోయింది. ఫోన్‌లో ఆ రోజు డేటా పొద్దుటే అయిపోయింది. చీకట్లో పక్కింటి కుర్రాణ్ణి పిలిచి హాట్‌స్పాట్ పెట్టించుకునేసరికి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆఖర్న స్ప్రింట్‌లో వింగెగార్డ్ గెలిచాడు. తర్వాత మైక్ ముందు మాట పెగల్లేదు అతనికి. ఏప్రిల్‌లో స్పెయిన్‌లో పడి పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది, 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఆ సంగతి చెప్తుంటే నాన్న వింటూనే మడమని వెనక్కి లాగాడు, ఇంకొంచెం లాగాడు. నొప్పికి పళ్లు బిగపట్టడం ఫోన్ వెలుతురులో కనిపిస్తూనే ఉంది. ఆపమనలేదు నేను.

జులై 14న ప్లాతో ద బెయ్ కొండ మీద పొగాచార్ ఎక్కిన తీరు నిజంగా అద్భుతం. 1998లో ఇటలీ ఆటగాడు పంతాని పెట్టిన టైముకంటే మూడు నిమిషాలకు పైగా తక్కువలో ఎక్కేశాడు. అయినా నాకు ఆ తర్వాత పసుపు జెర్సీ మీద ఆసక్తి సగం తగ్గింది. మూడు వారాల రేసుకి రెండో వారంలోనే జవాబు దొరికిపోతే మిగిలిన రోజులు ఏం చూడాలి? నాన్న లేకపోతే అక్కడితో ఆపేసి ఉండేదాన్ని. ఆయనకి అసలు రేసు అప్పుడే మొదలైంది. ఆల్ప్స్ ముందున్నాయి, కావెండిష్ వెనకున్నాడు.

17న తొలి ఏకాదశి. మొహర్రం సెలవు కూడా కావడంతో ఆ రోజు స్టేజి మొత్తం చూశాం. ఎదురింటి పిన్నిగారు బెల్లం, యాలకులు వేసి దంచిన పేలపిండి ఇత్తడి గిన్నెలో తెచ్చిచ్చారు. అది చెంచాతో తింటూ ఈక్వెడార్‌వాడు కరపాజ్ కొండ మీద ఒంటరిగా గెలవడం చూశాం. ముందురోజు నీమ్ ఊళ్లో గిర్మయ్ పడిపోయాడు. స్ప్రింట్ పాయింట్లలో ముందున్నవాడికిచ్చే గ్రీన్ జెర్సీ అతని ఒంటి మీదే ఉంది గానీ, మోచెయ్యీ మోకాలూ కొట్టుకుపోయాయి. ఈ రోజు బయల్దేరతాడో లేదోనని నాన్న పొద్దున్నుంచీ మూడుసార్లు అడిగాడు. మోకాలికి కట్టుతో కనిపించగానే, “మనకి లాగే” అని తన మోకాలు తట్టుకున్నాడు.

19వ తేదీ దారిలో బొనెట్ కొండ ఉంది, 2,802 మీటర్లు. 20న నీస్ వెనక కొండల్లో నాలుగు ఎక్కుడులు, చివరిది కుయోల్. రెండు రోజులూ పొగాచారే గెలిచాడు, నాన్న రెండు గళ్లలో అతని పేరు రాసి పెన్ను పక్కన పెట్టలేదు. లైవ్ ఎప్పుడు ఆపేస్తారో అని భయం. గెలిచినవాళ్లు జాకెట్లు వేసుకుని మాట్లాడుతున్నారు, నాన్న వంటింటి గడియారం వైపు, ఫోన్ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. “ఎంతుంది ఇంకా?” “చూస్తున్నా నాన్నా.” “గేటు పడుతుందేమో.” చాలాసేపటికి వచ్చారు, కావెండిష్, అటూ ఇటూ జట్టువాళ్లు. గడువు లోపలే. గీత దాటి ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు చేతులు వేసుకున్నారు. నాన్న అదే గళ్లో, పొగాచార్ పేరు కింద, ఇంకా చిన్న అక్షరాలతో ‘బస్సు చేరింది’ అని రాశాడు.

21 ఆదివారం, ఆషాఢ పౌర్ణమి. ఇంద్రకీలాద్రి మీద శాకంబరీ ఉత్సవాలకి ఆఖరి రోజు. పొద్దున్న అమ్మవారి దర్శనానికి వెళ్లొచ్చిన పిన్నిగారు కదంబం ప్రసాదం దొన్నెలో పట్టుకొచ్చారు. పారిస్‌లో ఒలింపిక్స్ ఉండటంతో ఈ రేసు మొదటిసారి పారిస్‌కి దూరంగా ముగిసింది. మొనాకో నుంచి నీస్‌కి, ఒక్కొక్కరుగా, గడియారంతో పోటీ. పట్టికలో అట్టడుగున ఉన్నవాళ్లు ముందు బయల్దేరతారు కాబట్టి కావెండిష్ సాయంత్రమే వచ్చేశాడు. పొగాచార్ వంతు రాత్రి పొద్దుపోయాక. నేను అది పూర్తిగా చూశాను. ఆరు నిమిషాల 17 సెకన్ల తేడాతో టూర్ అతనిదే. అదే ఏడాది ఇటలీ వాళ్ల పెద్ద రేసు ‘జీరో డి ఇటాలియా’ కూడా గెలిచాడు, 1998లో పంతాని తర్వాత రెండూ కలిపి గెలిచినవాడు ఇతనే.

నాన్న మాత్రం కావెండిష్ రాగానే వాకర్ లేకుండా, గోడ పట్టుకుని లేచి, ఆ రోజు గళ్లో ఆ ఒక్క పేరే రాశాడు. “గెలిచింది అతను కాదు కదా నాన్నా” అన్నాను.

“డ్యూటీ దిగాడమ్మా,” అన్నాడు. దొన్నెలో మిగిలిన కదంబం నా చేతికిచ్చి, “ఇంకెవరెవరు రావాలో చూద్దాం” అని మళ్లీ కూర్చుని కాలు చాపి, మోకాలు వంచడం మొదలుపెట్టాడు.