పూర్ణాలు దాచమని రాసిన కార్డు

మా అమ్మమ్మ పుట్టినరోజుకి తారీఖు లేదు. ఆధార్ కార్డులో జూలై 1 అని ఉంది గానీ, అది ఎవరో తోచింది వేసేసిన తారీఖు. ఆవిడ లెక్క ఒకటే: 'వరలక్ష్మీ వ్రతం మర్నాడు'. అందుకే శ్రావణం రాగానే బ్రాడీపేటలో మా ఇంటి హాల్లో కాగితాలూ కత్తెరా పరుచుకుని కూర్చుంటాను. గుంటూరు నుంచి తెనాలి ఎంత, గంట. వెళ్ళి చెప్పి రావచ్చు. కానీ ఆవిడకి పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి తన పేరు పెట్టి పిలవాలి.

పొద్దస్తమానం ట్యాలీలో ఎంట్రీలు కొట్టే దాన్ని, పెన్నుతో నాకున్న సంబంధం సంతకం వరకే. రెండేళ్ల కిందట ఫోన్లో వీడియోలు చూసి బ్రష్ పెన్ను కొన్నాను. పైకి గీసేటప్పుడు సన్నం, కిందికి లాగేటప్పుడు లావు అని నేర్పుతారు వాటిల్లో. ఇంగ్లీషుకి బానే కుదిరింది. మన 'అ' రాయబోతే పైకి ఏదో కిందికి ఏదో తెలిస్తే కదా! తిరుగుతూనే ఉంటుంది. పాకం పట్టని జిలేబీల్లా వచ్చాయి.

చివరికి పని చేసింది మా వాడి స్కూలు బ్యాగులో దొరికిన స్కెచ్ పెన్ను. దాని మొనని బ్లేడుతో ఏటవాలుగా కోశాను. పెన్ను వాలు మార్చకుండా చెయ్యి మాత్రం తిప్పితే లావూ సన్నం వాటంతటవే పడతాయి. ఇంకోటి కూడా పట్టుకున్నాను. ముందు అక్షరాల ఒళ్ళన్నీ రాసేసి, తలకట్లు చివర్లో ఒక్క ఊపున వేయాలి. అన్నీ ఒకే వాలున పడితే పదం నిటారుగా నిలబడుతుంది. ఒక్కటి పక్కకి ఒరిగినా పిలక జారిన పిల్లలా ఉంటుంది.

మొదటి ఏడాది కార్డు సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. పెన్సిల్‌తో కొలుచుకోకుండా 'జన్మదిన శుభాకాంక్షలు' అని మొదలెట్టాను. 'క్ష' దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. 'లు' ఒక్కటే కింది వరసలో, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడిలా. అప్పుడే అనిపించింది, అసలు మా ఇంట్లో ఎవరైనా నోటితో ఆ మాట అంటారా అని. అనరు. అమ్మమ్మతో నేనేం మాట్లాడతానో అదే రాస్తే సరి.

కాబట్టి ఈసారి: 'అమ్మమ్మా, నాకు నాలుగు పూర్ణాలు దాచు.'

తేలికే అనుకున్నా. కానీ 'అమ్మమ్మా'లో రెండు మ ఒత్తులు, పైన దీర్ఘం. తెలుగు పదం పక్కలకే కాదు, పైకీ కిందికీ కూడా చోటు అడుగుతుంది. పెన్సిల్‌తో నాలుగు గీతలు కొట్టుకున్నాను. మధ్య రెండిటిలో అక్షరం, పై జాగాలో గుడులూ దీర్ఘాలూ, కింది జాగాలో ఒత్తులు. అన్నీ ఇమిడాయి, 'పూర్ణాలు' తప్ప. ర కింద ణ ఒత్తు వేస్తే కార్డు అంచుకి గుద్దుకుంటోంది. మూడు కాగితాలు పాడయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మమ్మ సరుకుల చీటీ. ఆవిడ అలాంటి చోట్ల ఇప్పటికీ వలపలగిలకే పెడుతుంది, అంటే 'ర్'కి బదులు అక్షరం పక్కన వేసే పాత గుర్తు. 'ణా' రాసి పక్కనే ఆ చిన్న మెలిక. కింద గొడవే లేదు. పాత పద్ధతి అని బళ్ళో మానిపించారు గానీ, కార్డు రాసేవాళ్ళకి అంత సుఖం ఇంకోటి లేదు.

ముసురు పట్టిన రోజులు. సిరా ఆరిందనుకుని పెన్సిల్ గీతలు చెరిపితే 'దాచు' మీద నీలం మసి పాకింది. అక్కడో మందార మొగ్గ వేసి కప్పెట్టాను.

కాగితం మాత్రం శంకర్ విలాస్ సెంటర్ దగ్గర కొట్లో కొన్నది, 300 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు, దళసరిగా ఉంటుంది. మడిచేముందు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీత లాగితే మడత పగలదు. 5 రూపాయల స్టాంపు అంటించి డబ్బాలో వేశాను.

శనివారం మామయ్య ఫోను.

"ఏమే, పది రూపాయలు కట్టి విడిపించాను నీ కార్డుని!"

లెక్కలు చూసేది నేను, తప్పిందీ నేనే. ఏ4 కాగితం అంటే చదరపు మీటరులో పదహారో వంతు. 300ని పదహారుతో భాగిస్తే ఒట్టి కాగితమే 18.75 గ్రాములు. దానికి కవరు. 5 రూపాయలు 20 గ్రాముల దాకానే, దాటితే ఇంకో 5 అంటించాలి. అంటించకపోతే తక్కువైనదానికి రెట్టింపు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు.

ఈలోగా అమ్మమ్మ ఫోను లాక్కుంది. "వలపలగిలక నీకెవరు నేర్పారే?"

"నీ సరుకుల చీటీ."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, పూర్ణాలు దాచిందట గానీ, కట్టిన పది రూపాయలకి చెల్లు అని మామయ్య నాలుగూ తినేశాడట.