గేమ్స్ షాపు అంటే పేకాట క్లబ్బు కాదని చెప్పడానికి నాకు 47 రోజులు పట్టింది

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. రెగ్-06, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. సెప్టెంబరు 4న మొదటి అప్లికేషన్ పెట్టాను, అక్టోబరు 21న చేతికొచ్చింది. మధ్యలో దసరా పోయింది, మొన్న దీపావళి కూడా పోయింది. మూసిన షట్టరుకి రెండు నెలల అద్దె కట్టాను. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. వారం ఆగితే 'సర్లే, అయిపోయింది కదా' అనిపిస్తుంది.

ఏడేళ్ళు చెన్నైలో ఉద్యోగం చేశాను. ఆదివారమైతే రిచీ స్ట్రీట్‌లోనో బర్మా బజార్‌లోనో పాత గేమ్ సీడీలు ఏరుకోవడమే పని. నెల్లూరు పిలకాయలు కొంతమంది ఒక్క సీడీ కోసం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వచ్చి, రాత్రికి తిరిగి పోవడం నేను చూశాను. మన నెల్లూరులో ఫోన్ల షాపులు వీధికి పది ఉన్నాయి. ప్లేస్టేషన్ సీడీ కొత్తదీ పాతదీ రెండూ నమ్మకంగా అమ్మే షాపు నాకు కనపడలేదు. ఉద్యోగం మానేసి వచ్చేశాను. మాగుంట లేఔట్‌లో అద్దెలు నాకు అందలేదు. వేదాయపాళెంలో, పక్కనే టీ అంగడి ఉన్న చిన్న గది దొరికింది.

తేలిగ్గా అయినవి ముందు చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంట్లో కూర్చుని ఫోన్లోనే అయిపోయింది. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగేవాళ్ళ దగ్గరికి పోవద్దు. షాప్స్ యాక్ట్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఇబ్బంది లేకుండా వచ్చింది. ట్రేడ్ లైసెన్సుకి రెండుసార్లు తిరిగాను, అంతే.

ఇక జీఎస్టీ. సరుకు అమ్మేవాళ్ళకి మన రాష్ట్రంలో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితేనే తప్పనిసరి, నీకెందుకు అని చాలామంది అన్నారు. నాకు కొత్త సీడీలు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్, జీఎస్టీ నంబరు లేనిదే ఖాతా తెరవనన్నాడు. పైగా కొత్త కన్సోల్ మీద నేను కట్టే 18 శాతం పన్ను వెనక్కి సర్దుబాటు కావాలంటే నంబరు ఉండాల్సిందే. కొత్త సీడీ 4,999కి అమ్మితే నాకు మిగిలేది మూడు నాలుగు వందలు. అందులో పన్ను కూడా నేనే మింగితే షాపు నడవదు.

ఒక ఆడిటర్‌కి 3,500 ఇచ్చి అప్లికేషన్ పెట్టించాను. షాపు పేరులో నేను ముచ్చటపడి 'గేమింగ్' అని పెట్టుకున్నాను. ఏ సరుకు అమ్ముతామో చెప్పే కోడ్ దగ్గర ఆయన 9504 అని నాలుగంకెలు కొట్టి వదిలేశాడు. ఈ రెండే నా కొంప ముంచాయి.

ఆ 9504 కింద ఏమేమి వస్తాయో నాకప్పుడు తెలియదు. వీడియో గేమ్ కన్సోళ్ళు వస్తాయి. బిలియర్డ్స్ వస్తుంది. పేకముక్కలు వస్తాయి. కేసినో ఆటల బల్లలు కూడా అందులోనే. ఇక 'గేమింగ్' అన్న మాటకి మన చట్టంలో అర్థమే వేరు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ యాక్ట్ అంటే జూదం చట్టం. 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి మన రాష్ట్రంలో ఆపింది ఆ చట్టాన్ని సవరించే. దానికి తోడు 2025 ఆగస్టులోనే పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చేసింది. టీవీ పెడితే 'గేమింగ్ బ్యాన్', 'గేమింగ్ బ్యాన్' అనే వినపడేది. ఆ తర్వాత పదమూడు రోజులకి నేను 'గేమింగ్' అని పేరు రాసి, 9504 అని కొట్టి, సంతకం పెట్టాను.

సెప్టెంబరు 10, బుధవారం. షాపు చూడటానికి ఒకాయన వచ్చాడు. ఆయనెవరో, ఏ ఆఫీసో రాయను. నేను లోపల ర్యాకులు బిగిస్తున్నాను. నాయన బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. టీ అంగడి దగ్గర పదిమంది దాకా ఉన్నారు.

"ఏం వ్యాపారం?" అన్నాడు. ప్లేస్టేషన్ గేమ్స్ సార్ అన్నాను.

"బల్లలు ఏడ?"

నాకు అర్థం కాలేదు. ఏ బల్లలు సార్ అన్నాను. ఫోన్ తీసి చూపించాడు. కేసినో ఆటల బల్లలు అని ఆ కోడ్ పక్కన ఉంది. ఇది టీవీకి పెట్టుకుని ఆడే గేమ్ సార్ అని ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాను. దాన్ని తిప్పి కూడా చూడలేదు. కుర్చీలు ఎన్ని వేస్తావు, గంటకి ఎంత తీసుకుంటావు, గెలిస్తే ఏమిస్తావు అని వరసగా అడుగుతూనే ఉన్నాడు. ఇక్కడ ఎవరూ ఆడరు సార్, కొనుక్కుని ఇంటికి పోతారు అన్నాను. పాతవి కూడా కొంటానని ఉందే, ఎవరివి, ఎక్కడ కొట్టుకొచ్చినవి అన్నాడు.

అంతవరకు నేను ఓర్చుకున్నాను. పోతూ పోతూ నాయన ముందు ఆగి, టీ తాగేవాళ్ళందరికీ వినపడేటట్టు అన్నాడు: "ఏం పెద్దాయనా, ఈ వయసులో కొడుకు చేత పేకాట క్లబ్బు పెట్టిస్తుండావా?"

మా నాయన ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరు. ఒక్కరోజు చిల్లర తేడా రాలేదు, ఒక్క కేసు లేదు. బస్సులో ఎవరో మర్చిపోయిన గొలుసు డిపోలో అప్పజెప్పిన మనిషి. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. స్టూలు తీసి లోపల పెట్టి, ఇంటికి నడిచిపోయాడు. రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి లేచేశాడు. అమ్మ ఏమైందని నన్నడిగింది. నేను చెప్పలేకపోయాను.

తెల్లారేసరికి వీధంతా పాకింది. సాయంత్రం షాపు ఓనరు వచ్చాడు. మంచి మనిషే, భయస్థుడు. "అబ్బయా, మా ఇంట్లో పిల్ల పెళ్ళి పెట్టుకోనుండాం. రేపు పోలీసోళ్ళు వస్తే మా పరువేం గాను? అడ్వాన్సు తిరిగిస్తాను, ఖాళీ చెయ్యి" అన్నాడు. ఓనరు ఆధార్, పాన్ కూడా తెమ్మని షాపు చూడటానికి వచ్చినాయన అడిగి పోయాడు. ఓనరు ఇవ్వనన్నాడు. ఆయన్ని తప్పుపట్టను.

సెప్టెంబరు 12న రెగ్-03 నోటీసు. 'వ్యాపార స్వభావం రాష్ట్రంలో నిషేధించబడినట్టు కనిపిస్తున్నది, వివరించండి' అని సారాంశం. ఏడు పనిదినాల్లో జవాబు పెట్టాలి. ఆడిటర్ 'నేను చూసుకుంటాలే' అన్నాడు. నాకు చూపించకుండా 'మా వ్యాపారం చట్టబద్ధమైనదే' అని ఒక్క లైను కొట్టి పంపేశాడు. ఫోటో లేదు, కాగితం లేదు. 25న రెగ్-05, అంటే తిరస్కరణ. ఫోన్ చేస్తే, మళ్ళీ అప్లై చేద్దాం, ఇంకో 3,500 అవుతుంది అన్నాడు. నేను కట్టలేదు. మీ పేరుతో పోయే జవాబు ప్రతి అక్షరం మీరు చదవండి. చదవనివ్వకపోతే ఆ ఆడిటర్‌ని మార్చేయండి. సగం కష్టం ఆయన వల్లే వచ్చిందని ఈరోజుకీ అంటాను.

కావలిలో ఉండే మా మేనమామ స్నేహితుడు ఒకాయన ఈ పన్నుల పని చేస్తాడు. ఆయన దగ్గరికి బస్సెక్కి పోయాను. అంతా విని, ఒక కాగితం ప్రింట్ తీసి ఇచ్చాడు. 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకి ఇచ్చిన సూచన అది, నంబరు 03/2025. చదువుతుంటే నా కేసు చూసే రాశారా అనిపించింది. అద్దె షాపుకి రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు, ఓనరు తరఫున కరెంటు బిల్లో ఇంటిపన్ను రసీదో ఒకటి ఉంటే చాలు. ఓనరు ఆధార్, పాన్, ఫోటో అడగకూడదు. ఈ కోడ్ సరుకు మీ రాష్ట్రంలో నిషేధం కదా, ఈ గదిలో ఆ పని ఎలా చేస్తావు లాంటి ఊహల మీద ప్రశ్నలు వేయకూడదు. అన్నీ అందులో ఉన్నాయి. షాపు పెట్టబోయే ప్రతి ఒక్కరూ ఆ కాగితం ప్రింట్ తీసి ఫైలులో పెట్టుకోండి.

దసరా మర్నాడు, అక్టోబరు 3న మళ్ళీ వేశాం. ఈసారి 'గేమింగ్' తీసేసి 'వీడియో గేమ్స్ స్టోర్' అని పెట్టాం. కన్సోల్ కోడ్ ఆరంకెలూ కొట్టాం, 950450. సీడీలకి 8523 విడిగా. ర్యాకులు, డబ్బాలు, కౌంటరు ఫోటోలు తీసి జతచేశాం. ఒక పేజీ లేఖ నేనే రాశాను. షాపులో ఎవరూ ఆడరు, ఆడించడానికి డబ్బు తీసుకోను, అమ్మకం మాత్రమే అని రాశాను. కొత్త చట్టం కూడా అన్ని ఆటల్నీ ఆపలేదని రాశాను. ఈ-స్పోర్ట్స్, డబ్బు పెట్టని ఆటలు, డబ్బు పెట్టి ఆడే ఆటలు అని అదే వేరు చేసింది, నిషేధం మూడోదానికే. డబ్బాలో కొనుక్కుపోయే సీడీకి దానితో సంబంధమే లేదు. ఆ లేఖ ఓనరుకి కూడా చదివి వినిపించాను. పెళ్ళి అయ్యేదాకా చూద్దాంలే అన్నాడు.

బయోమెట్రిక్‌కి పిలిచారు, వేలిముద్ర పడింది, పావుగంట పని. తర్వాత షాపు చూడటానికి ఈసారి ఇంకొకాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ఒక డబ్బా తీసుకుని, దీని మీద 18 అని ఉందేంటని అడిగాడు. అది ఏ వయసువాళ్ళు ఆడొచ్చో చెప్పే పెగీ గుర్తు సార్, 18 ఏళ్ళలోపు పిలకాయలకి ఇది అమ్మను అన్నాను. తన కొడుక్కి పన్నెండేళ్ళు, ఏది కొనివ్వచ్చని అడిగాడు. 3, 7, 12 గుర్తులున్నవి తీసి చూపించాను.

ఇక్కడ తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలి. జీటీఏ ఫైవ్ కావాలని ఏడో తరగతి పిల్లలు అడుగుతారు, మీరు డబ్బా తిప్పి చూడకుండా డబ్బులిచ్చేస్తారు. దాని మీద 18 అని అంత పెద్ద అంకె ఉంది. బేరం పోయినా నేను ఇవ్వను. కాపీ గేములు ఎక్కించిన కన్సోళ్ళు కూడా నా షాపులోకి రావు. చెన్నైలో ఏడేళ్ళు నేను కొన్నదంతా అసలు సరుకే, ఇప్పుడు అమ్మేదీ అదే.

పాత సరుకు గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, తెలిసింది చెబుతాను. పాత సీడీ 900కి కొని 1,300కి అమ్మితే పన్ను మొత్తం 1,300 మీద పడదు, తేడా 400 మీదే. జీఎస్టీ రూల్స్‌లో 32(5) అది. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్ను సర్దుబాటు, తీసుకోకూడదు, అదే షరతు. దీనికోసం పాత సరుకు బిల్లు పుస్తకం విడిగా పెట్టాను. అమ్మడానికి తెచ్చిన ప్రతివాడి దగ్గరా ఆధార్ జిరాక్సు, సంతకం, ఫోన్ నంబరు తీసుకుంటాను. దొంగసొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మనమే లోపలికి పోతాం. ఆ మొదటి అధికారి అడిగిన పద్ధతి నీచంగా ఉంది కానీ, ఈ రిజిస్టరు పెట్టుకోవాల్సిందే.

పాత సీడీ కొనేముందు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. పాత డీవీడీ అయితే గీతలు పడ్డా పాలిష్ పట్టేవాళ్ళు. ప్లేస్టేషన్ 4, 5 సీడీలు బ్లూరే. వాటిలో డేటా పొర మెరిసే వైపు ఉపరితలానికి మరీ దగ్గరగా ఉంటుంది, పాలిష్ పడితే సీడీయే పోతుంది. గోరు తగిలేంత గీత ఉంటే వద్దనండి. ఫుట్‌బాల్ సీడీలు ఏటా కొత్తవి వస్తాయి, వచ్చిన నెలకే పాతదాని ధర పడిపోతుంది, ఎక్కువ పెట్టి కొనకండి. కన్సోల్ కొనేటప్పుడు అమ్మేవాడి ఎదురుగానే అతని అకౌంటు తీయించి, రీసెట్ చేయించి, ఒక సీడీ పెట్టి పదిహేను నిమిషాలు నడిపించండి. కంట్రోలర్ పుల్ల వదిలేసినా బొమ్మ దానంతటదే ఒక పక్కకి పోతుంటే, రేటు తగ్గించండి.

నిన్న సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని ఇంటికి పోయాను. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. షాపులో కనపడేటట్టు తగిలించాలి, బోర్డు మీద నంబరు రాయించాలి, అది రూలు నాయనా అన్నాను. ఈరోజు పొద్దున ఆయనే ట్రంకు రోడ్డుకి పోయి ఫ్రేము కట్టించుకొచ్చాడు. నేను కౌంటరు వెనక మేకు కొడదామన్నాను. ఆయన వినలేదు. షట్టరు తీయగానే టీ అంగడి దగ్గర నిలబడ్డవాళ్ళకి కనపడే గోడ చూపించి, అక్కడే కొట్టమన్నాడు. కొట్టాను. స్టూలు మళ్ళీ బయట వేసుకుని కూర్చున్నాడు.

శుక్రవారం షాపు తెరుస్తున్నాం. ఆత్మకూరు నుంచి ఒకబ్బాయి పదకొండు సీడీలు తెస్తానని ఫోన్ చేశాడు. ఆధార్ జిరాక్సు తెచ్చుకోమని చెప్పాను.