మొసలి తాత దీవిలో ఖాకీ

తిమోర్ లెస్తె దేశంలో లొస్పాలొస్ అనే ఊరు చేరిన నాలుగో రోజు అనుకుంటా. జీపు దిగి టోపీ సర్దుకుంటుంటే, గుమ్మంలో నిలబడ్డ ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, మనవణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపేసుకుంది. నేను నవ్వాను కూడా. అయినా అంతే.

"నా మొహం అంత భయంకరంగా ఉందా?" అని నా జోడీ కుర్రాణ్ణి అడిగాను. అతను తిమోర్ పోలీసు, ఇరవై ఏడేళ్ల వాడు. కాసేపు నసిగి, "మొహం కాదు మౌన్ (అన్నా), రంగు" అన్నాడు. ఇండోనేసియా కాలంలో పోలీసుల బట్టలూ ఇంచుమించు ఈ రంగేనట.

పంతొమ్మిదేళ్లు ఒళ్లంతా కప్పుకున్న ఖాకీని నేను మొదటిసారి పరాయివాడి కళ్లతో చూసుకున్నది ఆ రోజే.

ముందుగా, అంత దూరం ఎందుకెళ్లానో చెప్పాలి. ఐక్యరాజ్యసమితి మిషన్‌కి పోలీసుల్ని పంపేటప్పుడు ఢిల్లీలో పరీక్ష పెడతారు. ఇంగ్లిష్, డ్రైవింగ్, షూటింగ్. మా బ్యాచ్‌లో ఇంగ్లిష్‌కి వణికినవాళ్లంతా గట్టెక్కారు, పెద్ద పెద్ద ఇన్‌స్పెక్టర్లు డ్రైవింగ్‌లో పోయారు. పోరా మరి? మనం స్టీరింగ్ ముట్టుకుని ఎన్నేళ్లయింది, ఎప్పుడూ పక్క సీట్లో కూర్చోవడమే కదా. నేను మాత్రం నెల్లాళ్లు మా పోలీసు గ్రౌండులో తెల్లారుజామున మా డ్రైవరు చేతే తిట్లు తిని నేర్చుకున్నాను. "సార్, రివర్సులో మీకు కళ్లు కనపడవా?" అన్నాడొకరోజు. అప్పటిదాకా నన్ను అలా అన్నవాడు లేడు.

ఆర్డరు తిమోర్ లెస్తెకి వచ్చింది. మా ఆవిడ బడి అట్లాసు తెచ్చి వెతికితే దొరకలేదు. అది పాత అట్లాసు, అందులో ఈ దేశం ఇంకా పుట్టలేదు. ఆస్ట్రేలియాకి పైన, ఇండోనేసియా తోకన, ఒకే దీవిలో తూర్పు సగం. 1975 దాకా పోర్చుగల్ చేతిలో ఉంది. ఆ ఏడు డిసెంబరు 7న ఇండోనేసియా సైన్యం దిగింది. 1999 ఆగస్టు 30న జనం ఓటేసి, నూటికి 78 మందికి పైగా మాకు స్వతంత్రం కావాలన్నారు. 2002 మే 20న జెండా ఎగిరింది. "కొత్త దేశమన్నమాట. మరి నీళ్లు బావుంటాయంటారా ఏమండీ?" అని మాత్రం అడిగింది మా ఆవిడ.

2008 అక్టోబరులో సింగపూర్, బాలి మీదుగా దిలీలో దిగాను. రన్‌వే చివర సముద్రమే. ఊళ్లోకొస్తుంటే ఒడ్డున కొండ మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం. 27 మీటర్ల ఎత్తు. దాన్ని 1996లో కట్టించి ఇచ్చింది ఇండోనేసియానే. తరిమేసిన దొరల కానుకని తరిమినవాళ్లు అలాగే ఉంచుకున్నారు, ఆదివారాలు మెట్లెక్కి దండం పెట్టుకుంటున్నారు. కొండలన్నీ ఎండిపోయి, మధ్యమధ్య చింతచెట్లు, తాటిచెట్లు. మార్కాపురం దగ్గర రోడ్డు మీద పోతున్నట్టే ఉంది, ఎడమపక్కన ఆ నీలం సముద్రం ఒక్కటి తేడా. చింతచెట్టు చూడగానే నాకు సగం బెంగ తీరింది. పులుసుకి లోటుండదు.

మా మిషన్ పేరు ఉన్మిత్. 2006లో పెట్టారు. ఎందుకు పెట్టారో ఒక పోలీసుగా నాకు మింగుడు పడలేదు. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఆ దేశపు సైన్యమూ పోలీసులూ ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నారు. మే 25న దిలీలో ఆయుధాలు అప్పగించేసి, ఐక్యరాజ్యసమితి జెండా వెనక వరసగా నడిచి బయటికొస్తున్న పోలీసుల మీద సైనికులు కాల్పులు జరిపారు. ఎనిమిది మంది పోయారు. లక్షమందికి పైగా ఇళ్లు వదిలి గుడారాల్లో పడ్డారు. అలా చెదిరిన పోలీసు శాఖని మళ్లీ నిలబెట్టి, ఠాణాలు ఒక్కొక్కటిగా వాళ్ల చేతికి ఇవ్వడం మా పని. మిషన్ పెద్ద అప్పట్లో మన దేశపు విదేశాంగ శాఖ అధికారి అతుల్ ఖరే గారు. దిలీలో ఎవరితోనైనా మాట కలపాలంటే ఆయన పేరు నాకు బాగా పనికొచ్చింది.

నన్ను లౌతేం జిల్లాకి వేశారు. ముఖ్యపట్నం లొస్పాలొస్, దీవికి తూర్పు కొస. దిలీ నుంచి ఆరేడు గంటలు. మనతుతు, బౌకావ్ దాటి, సముద్రం పక్కనుంచే వెళ్లి, లౌతేం దగ్గర కుడికి తిరిగి మెట్ట మీదికి ఎక్కాలి. ఈ దారిలోనే 1999 సెప్టెంబరు 25న ఇండోనేసియా తరఫు సాయుధ మిలిషియా వాళ్లు సిస్టర్లు, చర్చి పనివాళ్లు, ఒక విలేకరి, మొత్తం తొమ్మిది మందిని ఆపి చంపారు. అది ఎక్కడ జరిగిందో నా జోడీ వెళ్లిన ప్రతిసారీ చూపించేవాడు. మొదటిసారి చూపించడం మర్చిపోయినట్టు, ప్రతిసారీ కొత్తగా.

ఇల్లు నలుగురం పంచుకున్నాం. ఒక నేపాలీ, ఒక ఫిలిప్పినో, ఒక పాకిస్తానీ, నేను. పప్పు విషయంలో నేనూ పాకిస్తానీ ఒక జట్టు. ఫిలిప్పినో మాత్రం మా పోపు వాసనకి కిటికీలు తెరిచేవాడు. రాత్రి తొమ్మిదికి ఇంటికి ఫోను చేస్తే మా ఊళ్లో సాయంత్రం ఐదున్నర. అమ్మ ఎప్పుడూ ఒకటే అడిగేది, "చీకటి పడిందా నాయనా అక్కడ?"

ఇక భాష. దేశమంతటికీ తేతుం, పోర్చుగీసు. కానీ లొస్పాలొస్ వాళ్లు ఇళ్లల్లో మాట్లాడేది ఫతలుకు, దానికీ తేతుంకీ చుట్టరికమే లేదు. ఫిర్యాదు ఫతలుకులో మొదలై, తేతుంలోకి మారి, అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌లోకి మారి, నా బుర్రలో తెలుగయ్యేసరికి దొంగిలించిన మేక కాస్తా పంది అయ్యేది. తేతుం మాత్రం నాకు తొందరగానే పట్టుబడింది. ఎందుకంటే వాళ్లూ మనలాగే దారిన పోయేవాణ్ణి కూడా వరస పెట్టి పిలుస్తారు. మౌన్ అంటే అన్న. మన అంటే అక్క. సంతలో అరటిపళ్లమ్మే ఆవిణ్ణి "మన!" అని పిలవాలంటే కొన్నాళ్లు నాకు నవ్వొచ్చేది, ఏదో సగంలో ఆపేసిన మాటలా. తరవాత అలవాటై, ఇంటికొచ్చాక మా ఆడపడుచుని ఒకసారి అలాగే పిలిచాను.

ఆ దీవి పుట్టుకకి వాళ్ల దగ్గరొక కథ ఉంది. ఎండలో కొట్టుకుంటున్న మొసలిపిల్లని ఒక కుర్రవాడు నీళ్లలోకి చేర్చాడు. ఆ మొసలి వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని లోకమంతా తిప్పి, చివరికి తను చచ్చిపోతూ ఈ దీవిగా మారింది. అందుకే మొసలిని తాత అంటారు. మనకి మొసలంటే గజేంద్రుడి కాలు పట్టుకున్నదే. మా జిల్లాలో ఇరా లలారు అని పెద్ద చెరువుంది, దాన్నిండా ఈ తాతలే. గట్టున నేను నాలుగడుగులు ముందుకేస్తే జోడీ నా చొక్కా పట్టుకుని ఆపాడు. "తాత మంచోళ్లని ఏమీ చెయ్యడు" అన్నాడు. "మరి నన్నెందుకు ఆపావు?" అంటే, "మీ సంగతి నాకింకా పూర్తిగా తెలియదు కదా మౌన్" అన్నాడు.

నేరాలు తక్కువే. పశువుల దొంగతనాలు, పొలం గట్టు తగాదాలు, తాటికల్లు తాగి రాళ్లు రువ్వుకోవడాలు. కరాటే గుంపుల గొడవ మాత్రం పాడు గొడవ. కుర్రాళ్లు ఇనప ములికిని ఉండేలులో పెట్టి కొడతారు, రామ అంబోన్ అంటారు దాన్ని. ఆ పేరులో రాముడు ఎలా దూరాడో గానీ అది గుచ్చుకుంటే మాత్రం బయటికి రాదు.

తక్కినవన్నీ ఆడవాళ్ల కేసులు. అందులో ఒకటి చెప్తాను.

ఫిబ్రవరిలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చెప్పింది అక్కడ పనిచేసే క్యూబా డాక్టరు. అప్పట్లో ఆ దేశపు ఆసుపత్రుల్లో క్యూబా వాళ్లు చాలామందే ఉండేవాళ్లు. ఒకావిడకి కన్ను మూసుకుపోయింది, మోచెయ్యి విరిగింది. పడ్డానంటుంది. ఊరికెళ్తే పెద్దాయన మాకు కుర్చీలేయించి, కాఫీ ఇప్పించి, "అయిపోయిందిగా" అన్నాడు. చాప పరిచి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించారట. భర్త ఒక పందిని, తాయిస్ అనే నేత గుడ్డని ఒకటి ఇవ్వాలని తేల్చారు. ఎవరికి? ఆమె పుట్టింటి మగవాళ్లకి. భర్తని అడిగితే, "దున్నపోతులిచ్చి చేసుకున్నాను" అన్నాడు. అక్కడ కట్నం లేదు, ఎదురు కట్నమే, బర్లకె అంటారు. మన వైపు డబ్బు తేలేదని కొడితే, అక్కడ డబ్బు పోశానని కొడతారు.

నేను ఆ పెద్దాయన మీద లేవబోయాను. లేవలేకపోయాను. ఆయన గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. "చిన్నచిన్నవి ఉంటాయమ్మా, పిల్లల మొహం చూసి సర్దుకుపోవాలి" అని నా టేబుల్ ముందు ఎంతమందిని వెనక్కి పంపాను! 498-ఎ కట్టకుండా రాజీ చేస్తే పెద్దమనిషినని పేరు కూడా తెచ్చుకున్నాను. నా దగ్గర చాప లేదు, రైటర్ దగ్గర తెల్లకాగితం ఉండేది. అంతే తేడా.

కేసు కట్టాం. అక్కణ్ణుంచి అసలు కథ. అరెస్టు చేసినవాణ్ణి 72 గంటల్లో జడ్జి ముందు పెట్టాలి. మనకి 24. బానే ఉందనుకున్నాను గానీ కోర్టు బౌకావ్‌లో, మూడు గంటల దారి. ఒక బండి గ్యారేజీలో ఉంది. ఉన్న ఒక్క తెల్ల ల్యాండ్ క్రూజర్‌లో నేను స్టీరింగు, పక్కన జోడీ. వెనక ముద్దాయి, వాడికి చెరో పక్క ఇద్దరు పోలీసులు. వాళ్లకి ఎదురుగా ఫిర్యాది, ఆమె ఒళ్లో రెండేళ్ల పిల్ల, పక్కన ఆమె తల్లి. మోకాళ్లకి మోకాళ్లు తగులుతున్నాయి. నేరస్థుణ్ణీ బాధితురాల్నీ ఒకే బండిలో ఎక్కించకూడదని నేను ఇదే పోలీసులకి ముందు వారమే పాఠం చెప్పాను.

గంటదాకా ఎవరూ మాట్లాడలేదు. మెట్ట దిగేచోట మలుపుల్లో పిల్ల వాంతి చేసుకుంది. అందరికంటే ముందు చెయ్యి చాచినవాడు వాడే. సంకెళ్లున్న చేతులతోనే పిల్ల మూతి తుడిచాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

లగా దగ్గర బండి ఆపాను. ఆమె బాగున్న చేత్తో సంచి విప్పింది. వక్కలు, తమలపాకులు, సున్నం. తల్లికి ఒకటి కట్టింది, పోలీసులకిచ్చింది, నాకూ ఒకటి. మా నాయనమ్మ పోయాక ఒక ఆడమనిషి చేతి చిలక నేను తినడం అదే. ఆకు మిగిలింది. అటూ ఇటూ తిప్పి చూసింది. సున్నం రాసింది. వాడి వైపు చూడకుండానే చెయ్యి చాచింది.

దాన్ని ప్రేమ అంటారా? నేననను. పంతొమ్మిదేళ్ల క్రితం అయితే నేను అక్కడే కేసు మూసేసి, చూశారా కలిసిపోయారు అని మెచ్చుకుని బండి వెనక్కి తిప్పేవాణ్ణి. ఆ రోజు తిప్పలేదు. అదొక్కటే నేను ఆ దేశంలో సరిగ్గా చేసిన పని అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

జడ్జి అంతా విని, విచారణ తేదీ దాకా ఊరు దాటకూడదని చిరునామా రాయించుకుని, సంతకం పెట్టించుకుని వాణ్ణి పంపించారు. చట్టప్రకారమే. అప్పటికే బస్సు వెళ్లిపోయింది. అందరం మళ్లీ అదే బండిలో తిరుగు ప్రయాణం. ఆమెని మాత్రం పుట్టింట్లో దింపాం. ఇంట్లో కొట్టడాన్ని నేరమంటూ వాళ్ల పార్లమెంటు విడిగా చట్టం చేసింది 2010లో, నేను వచ్చేశాక. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు ఆ తమలపాకే గుర్తొచ్చింది.

2009 మే 14న మా జిల్లా ఠాణా వాళ్ల చేతికిచ్చాం. దేశంలో మొదట అప్పగించింది లౌతేంనే. మిగతావన్నీ అయ్యేసరికి 2011 మార్చి అయిందట. ఎండలో పెరేడు, చర్చి పాటలు, తాయిస్ కట్టుకుని నాట్యాలు. మర్నాటి నుంచి మేం సలహాదారులం, అంతే. నోరు మూసుకుని కూర్చోవడం నా ఉద్యోగంలో అంత కష్టమని నాకు తెలియదు. జోడీ రిపోర్టు తప్పు రాస్తుంటే చెయ్యి దురద పెట్టేది. ఆ ఖాళీలోనే తుతువాలా వెళ్లి, జాలరి పడవలో జాకో దీవికి దాటాను. అక్కడ రాత్రి ఎవరూ పడుకోరు, అది పవిత్రమైన చోటు. ఆ ఇసక, ఆ నీళ్లు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, పంచనామా భాష తప్ప.

వచ్చేసే ముందు రోజు జోడీతో కలిసి ఊరంతా ఒక చుట్టు తిరిగాను. మొదట్లో తలుపేసుకున్న ముసలావిడ వాకిట్లో మొక్కజొన్న ఎండబోస్తోంది. మనవడు నా విజిలు కావాలన్నాడు, ఇచ్చేశాను. ఆవిడ ఫతలుకులో ఏదో అడిగింది.

"ఈసారి వచ్చేవాడిది కూడా ఇదే రంగా అని అడుగుతోంది" అన్నాడు జోడీ.

"ఏం చెప్పావు?"

"ఇంకెవరూ రారు, ఇకమీదట మేమే అని." తన నీలం చొక్కా పట్టుకుని చూపించాడు.

"ఏమంది?"

వాడు చెవి వెనక గోక్కున్నాడు. "చూద్దాంలే అంది."