నాలుగేళ్ల బ్యాటరీ, ఒక మల్టీమీటర్

మా కారు బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. మెకానిక్ ఇంకో ఏడాది లాగుతుందన్నాడు, బ్యాటరీల దుకాణంలో అడిగితే వెంటనే మార్చేయమన్నారు. అమ్మేవాళ్లు అంతకంటే ఏం చెబుతారు! సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలతో సహా కోనసీమకు బయలుదేరవలసి ఉండటంతో, ఎవరి మాటా పట్టుకోకుండా నేనే కొలిచి చూడాలనుకున్నాను.

రాత్రంతా కదలకుండా ఉన్న కారుకు ఉదయం వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే 12.5 వోల్టులు చూపించింది. నిండా చార్జి ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 దాకా ఉంటుంది, 12.2కు దిగిందంటే సగం ఖాళీ అయినట్టే. ఆ లెక్కన మాది బాగానే ఉన్నట్టు కనిపించింది కానీ, మోసమంతా అక్కడే ఉంది. పాతబడిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు నిండుగానే కనిపించి, సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగేసరికి చతికిలబడుతుంది. మా అబ్బాయి సెల్ఫ్ కొడుతుండగా చూస్తే అంకె 8.8కి పడిపోయింది, ఎదురుగా సెల్లార్ గోడ మీద పడుతున్న హెడ్‌లైట్ వెలుగు ఒక్క క్షణం పసుపుపచ్చగా మారి తేరుకుంది. ఆ సమయంలో 9.6కు తగ్గకపోతే ఫరవాలేదని నేను పెట్టుకున్న హద్దు.

అయినా తొందరపడి తీర్పు చెప్పలేదు, ఎందుకంటే బ్యాటరీకి తీగ బిగించే టెర్మినల్ వదులైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. నెగటివ్ తీగను ముందుగా విప్పి, టెర్మినళ్లకు పట్టిన తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించాను. చార్జర్ మీద రాత్రంతా ఉంచి, మళ్లీ సెల్ఫ్ కొడుతుండగా కొలిస్తే 9.2 వచ్చింది, ఇంకా హద్దుకు కిందే. ఇంజను నడుస్తున్నప్పుడు 14.2 వోల్టులు అందుతున్నాయి కనుక బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ తప్పేమీ లేదు, లోపం బ్యాటరీదే.

రోజూ ఆఫీసుకు ఐదు కిలోమీటర్లు, అదీ ఏసీ వేసుకుని సిగ్నళ్ల దగ్గర ఆగుతూ వెళ్లడం వల్ల బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండలేదు. అలా అరకొరగా ఉండిపోతే బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ కరగదు. దానికి మన ఎండలు తోడయ్యాయి. వేసవి వేడికి లోపలి పలకలు తినేయబడతాయి, నీరు ఆవిరవుతుంది, కానీ ఆ నష్టం బయటపడేది మాత్రం ఇంజను ఆయిల్ చిక్కబడే చలికాలపు ఉదయాన.

వారంటీ ఎలాగూ దాటిపోయింది కాబట్టి ఆగడంలో లాభం లేదనిపించి, పండుగకు వారం ముందే మార్చేశాను. కొత్తదాని తయారీ తేదీ చూసే తీసుకున్నాను, ఎందుకంటే అరలో కూర్చున్నా బ్యాటరీ తనంతట తాను చార్జి కోల్పోతుంది. బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పే ఆంపియర్ అవర్లు, టెర్మినళ్లు ఉన్న వైపు పాతదానితో సరిపోయేలా చూసుకున్నాను. పాతదాన్ని సీసం కోసం వాళ్లే తీసుకుని బిల్లులో కొంత తగ్గించారు.

మర్నాడు ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు మల్టీమీటర్ 10.8 దగ్గర ఆగింది. గోడ మీది వెలుగు మారలేదు.