"నంబర్ చూశారా అమ్మా?": సైకిల్‌కి కెమెరా పెట్టుకున్న నా అనుభవం

2024 ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దిగుతుంటే, వెనక నుంచి వచ్చిన తెల్ల కారు నా సైకిల్ హ్యాండిల్‌ని రాసుకుంటూ వెళ్లిపోయింది. ఎడమ వైపు పడ్డాను. పడేటప్పుడు చెయ్యి ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నేను లేచి కూర్చునేసరికి కారు కనుచూపు మేరలో లేదు.

ఆ రోజు నన్ను లేపిన కుర్రాళ్లు, ఆటో అతను, ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు, స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబులు, అందరూ ఒకటే అడిగారు: "నంబర్ చూశారా అమ్మా?" చూడలేదు. తెల్లగా ఉంది, పెద్ద కారు, అంతే. దానితో ఎవరు మాత్రం ఏం వెతుకుతారు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. గుద్దిన వాహనం ఏదో తేలకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న స్కీము ప్రకారం ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రమైన గాయమైతే 50 వేలు. ఎముక విరగడం తీవ్ర గాయం కిందకే వస్తుంది. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు జాగ్రత్త చేసుకోండి.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి ఆరేళ్లుగా సైకిల్ మీదే వెళ్తున్నాను. కట్టు విప్పాక మా ఆయన "ఇక చాలు, మెట్రో ఎక్కి క్యాబ్‌లో పో" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ తప్పు చేసినవాడు హాయిగా తిరుగుతుంటే నేను రోడ్డు వదిలేయడం నాకు మనస్కరించలేదు. కెమెరా పెట్టుకుంటానని చెప్పాను. "పెడితే ముందూ వెనకా రెండూ పెట్టు" అన్నారు.

తొందరపడి ముందుగా మూడు వేల చిల్లర పెట్టి ఒక కెమెరా కొన్నాను. డబ్బా మీద 4కే అని ఉంది, అంటే బొమ్మలో పిక్సెల్స్ (చుక్కలు) బాగా ఎక్కువని. పదిహేను రోజులు తిరిగి, ఒక ఆదివారం కూర్చుని ఫుటేజ్ చూస్తే ఏడుపొచ్చింది. రోడ్డు, చెట్లు, ఆకాశం బాగానే ఉన్నాయి. నంబర్ ప్లేట్లు మాత్రం తెల్లటి గీతలు. పైగా బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ప్రతిసారీ అందులో తేదీ 2016 జనవరి 1కి వెళ్లిపోయేది. అలాంటి వీడియో పట్టుకెళ్లి ఇది నిన్న జరిగిందంటే ఎవరు నమ్ముతారు?

మా తమ్ముడు పెళ్లి వీడియోలు తీస్తాడు. ఆ క్లిప్పులు వాడికి చూపించాను. "అక్కా, తలంబ్రాలు పోసేటప్పుడు ఒక్కోసారి బియ్యం గింజలు గీతల్లా పడతాయి చూడు, ఇదీ అదే. షట్టర్ నిదానంగా పడుతోంది, అంటే ఒక్కో బొమ్మకి కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంటోంది" అన్నాడు. కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. నేను గంటకి 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాను, కారు 54తో దాటింది. తేడా 36, అంటే సెకనుకి 10 మీటర్లు. షట్టర్ సెకనులో 30వ వంతు తెరిచి ఉంటే ఆ కాస్తలోనే కారు 33 సెంటీమీటర్లు జరుగుతుంది. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు. పక్కనుంచి పోతున్నప్పుడు అలికిపోక ఏమవుతుంది? అదే షట్టర్ వెయ్యో వంతుకి పెడితే జరిగేది ఒక్క సెంటీమీటరు.

"మరి ఎన్ని పిక్సెల్స్ ఉంటే ఏం లాభంరా?" అన్నాను.

"పిక్సెల్స్ కూడా కావాలక్కా. అవి దూరం కోసం."

అది తేల్చుకోవడానికి మరుసటి ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ రోడ్డు మీద వాడి కారు నిలబెట్టి, సుద్దముక్కతో 3, 5, 8, 10, 15 మీటర్ల దగ్గర గీతలు గీశాం. ఒక్కో గీత దగ్గర సైకిల్ ఆపి రికార్డు చేశాం. 1080పీలో (4కే కన్నా తక్కువ పిక్సెల్స్), బాగా వెడల్పుగా కనిపించే మోడులో 5 మీటర్ల వరకే నంబర్ చదవగలిగాం. 8 దగ్గర 3 అంకె, 8 అంకె ఒకేలా ఉన్నాయి. 10 దగ్గర ఏమీ లేదు. లెక్క కూడా అలాగే ఉంది: అర మీటరు వెడల్పున్న ప్లేటు 5 మీటర్ల దూరంలో సుమారు 90 పిక్సెల్స్ వస్తుంది, దాంట్లో పది అక్షరాలు సర్దుకోవాలి. దూరం రెట్టింపైతే ఒక్కో అక్షరానికి నాలుగైదు పిక్సెల్సే. తమ్ముడి పాత గోప్రోలో (చిన్న యాక్షన్ కెమెరా) 4కే పెట్టి, వెడల్పు తగ్గించే లీనియర్ మోడులో చూస్తే 10 మీటర్ల దగ్గర కూడా చదవగలిగాం. మోటారు సైకిళ్ల ప్లేటు ఇంకా చిన్నది, 20 సెంటీమీటర్లే, కాబట్టి వాటికి ఈ దూరాలన్నీ తగ్గించుకోవాలి.

ఆ రోజుతో నాకు స్పష్టత వచ్చింది. వెనక నుంచి వచ్చే వాహనం ఎలాగూ నా దగ్గరికే వస్తుంది, తిన్నగా వస్తుంది కాబట్టి అంతగా అలుక్కుపోదు. వెనక్కి 1080పీ చాలు. ముందు సంగతి వేరు. గుద్ది పారిపోయే వాహనం క్షణక్షణానికీ దూరమైపోతుంది, అక్కడ 4కే కావాలి.

చాలామంది చెప్పిన గార్మిన్ వేరియా ఆర్‌సీటీ715 గురించి కూడా ఆలోచించాను. వెనక లైటు, కెమెరా, రాడార్ మూడూ ఒకదాంట్లోనే ఉంటాయి, 140 మీటర్ల దూరం నుంచే వాహనం వస్తోందని చెబుతుంది. ఊరి బయట హైవేల మీద లాంగ్ రైడ్లు చేసేవాళ్లకి అది మంచి తోడు. మా కొండాపూర్ రోడ్డులో నా వెనక వాహనం లేని నిమిషమే ఉండదు కాబట్టి రాడార్‌కి అంత డబ్బు పెట్టబుద్ధి కాలేదు. హెల్మెట్ మీద పెట్టుకునే ఆలోచన మా ఆయనే వద్దన్నారు. పడితే తలకి తగిలేది ముందు అదేనన్నారు, నిజమే.

చివరికి ముందు తమ్ముడి గోప్రో, రెండు బ్యాటరీలతో. వెనక సిక్లిక్ వాళ్ల ఫ్లై6. అది ఆస్ట్రేలియా కంపెనీ, సిడ్నీలో ఉండే మా వదిన సంక్రాంతికి వస్తూ తెచ్చిపెట్టింది. లైటూ కెమెరా ఒకే డబ్బాలో ఉంటాయి. సైకిల్ ఒరిగి పడిపోతే ఆ క్లిప్ చెరిగిపోకుండా తనే లాక్ చేసుకుంటుంది. ఆ ఒక్క గుణం కోసమే తెప్పించుకున్నాను. స్పృహ లేని స్థితిలో మనం బటన్ నొక్కలేం కదా.

బిగించడం దగ్గరే ఇంకో వారం పోయింది. మా రోడ్ల గతుకులకి హ్యాండిల్ మీద కెమెరా వణికి, బొమ్మ జెల్లీలా ఊగేది. మియాపూర్‌లో నా సైకిల్ బాగుచేసే పెద్దాయన పాత ట్యూబు ముక్క కోసి, క్లాంపు కింద చుట్టి బిగించాడు. "రబ్బరు ఉంటే దెబ్బ అది తింటుందమ్మా" అన్నాడు. సగం వణుకు పోయింది. కెమెరా ఊడి రోడ్డు మీద పడకుండా సన్నటి తాడు కూడా కట్టాడు.

రాత్రి పరీక్ష మాత్రం నా అంచనాలన్నీ తలకిందులు చేసింది. వెనక కెమెరాలో హెడ్‌లైట్ల వెలుగు తప్ప ఏమీ లేదు. లైటు కిందే ఉన్న ప్లేటు ఆ మెరుపులో మునిగిపోయింది. ముందు కెమెరాలో దానికి వ్యతిరేకం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్లు వెలుగుని అది వచ్చిన వైపే తిప్పి కొడతాయి. సైకిల్ లైటు కెమెరా పక్కనే ఉంది కాబట్టి ప్లేటు ధగధగా మెరిసిపోయి, అక్షరాలు తెల్లదనంలో కలిసిపోయాయి. తమ్ముడు ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు) ఒక మెట్టు తగ్గించి, లైటుని కాస్త కిందికి వంచాడు. వీడియో మొత్తం చీకటిగా, చూడటానికి అసహ్యంగా తయారైంది. నంబర్ మాత్రం ముత్యాల్లా కనిపించింది. మనకి కావలసింది అదే.

4కే రికార్డింగ్ గంటకి సుమారు 27 జీబీ తింటుంది. నాకు రానూ పోనూ రెండు గంటలు. 128 జీబీ కార్డులో రెండు రోజులదే నిలుస్తుంది, ఆ తర్వాత కొత్తది పట్టాలంటే పాతది చెరపాల్సిందే. కాబట్టి ఏదైనా జరిగితే ఆ రోజే కార్డు తీసేయాలి. రోజూ చెరిపి రాసే పనికి మామూలు కార్డులు తొందరగా పోతాయి, హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నవి కొనండి. బయలుదేరే ముందు మొబైల్‌లో టైమ్ తెరిచి రెండు కెమెరాలకీ మూడు సెకన్లు చూపిస్తాను. ఆ పాత కెమెరా తేదీ నేర్పిన పాఠం అది.

2025 ఫిబ్రవరి మొదటి వారం. సాయంత్రం ఏడు దాటింది. కొత్తగూడ దాటి కొండాపూర్ వైపు వస్తుంటే, ఒక ఆఫీసు క్యాబ్ నన్ను దాటి, ఎవరినో ఎక్కించుకోవడానికి ఒక్కసారిగా ఎడమకి కోసింది. దాని వెనక భాగం నా ముందు చక్రానికి తగిలింది. పడ్డాను. మోకాళ్లు గీసుకుపోయాయి, చక్రం వంకరపోయింది. డ్రైవరు అద్దంలో చూశాడు, వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చేతులు వణుకుతుండగా కార్డు పెట్టాం. వెనక కెమెరాలో వట్టి మెరుపు, కానీ క్లిప్ లాక్ అయి ఉంది, నేను నా దారిలో తిన్నగా వెళ్తున్నట్టు తెలుస్తోంది. ముందు కెమెరాలో మూడు మీటర్ల దూరంలో పసుపు ప్లేటు. టీజీతో మొదలై, చివరి అంకె దాకా. మా ఆయన గట్టిగా పైకి చదివారు. ఆరు నెలలుగా నన్ను అందరూ అడిగిన ప్రశ్నకి జవాబు అది.

తర్వాత చేసిన పనులు ఇవి. కార్డుని మళ్లీ కెమెరాలో పెట్టలేదు. ఫైలు కాపీ చేసుకుని, తమ్ముడి కంప్యూటర్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి కాగితం మీద రాసుకున్నాం. అది ఫైలుకి వేలిముద్ర లాంటిది, లోపల రవ్వంత మారినా అది మారిపోతుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద వీడియో కాపీకి సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదటి భాగం ఫైలు ఇచ్చేవాళ్లు నింపాలి, రెండో భాగం నిపుణులు. అందులో ఈ హ్యాష్ రాయడానికి గడి ఉంది. అసలు పరికరాన్నే తెచ్చి, అది తనదేనని యజమాని కోర్టులో చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత సాక్ష్య చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, అసలు కార్డు విలువ నాకు దాని వల్లే తెలిసింది.

స్టేషన్‌లో "వీడియో వాట్సాప్ చెయ్యండి మేడమ్" అన్నారు. "వాట్సాప్‌లో సైజు తగ్గిపోయి నంబర్ అలుక్కుపోతుంది సార్, కార్డే తీసుకుని రాసివ్వండి" అన్నాను. ఎస్ఐ గారు ఒక నిమిషం ఆలోచించి, పంచనామా రాయించి కార్డు కవర్లో సీలు వేయించారు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, 125 సెక్షన్ల కింద, అంటే నిర్లక్ష్యంగా బండి నడపడం, ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం కింద ఎఫ్ఐఆర్ అయింది. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు. నంబర్ ఉంది కాబట్టి నాలుగో రోజుకే డ్రైవర్ని పిలిపించారు. వీడియో చూశాక అతను కాదనలేకపోయాడు.

అతని యజమాని మా ఇంటికొచ్చి, చక్రం డబ్బులిస్తాను, కేసు వదిలేయండి అన్నాడు. చక్రం డబ్బులు తీసుకున్నాను, రసీదు రాసిచ్చాను. కేసు వదలలేదు. మొదటిసారి గుద్దినవాడి మొహం కూడా నాకు తెలీదు. రెండోసారి తెలిసింది, మాట్లాడాను, పాతికేళ్ల కుర్రాడు. అతని మీద నాకు పగ లేదు. కానీ అద్దంలో చూసి కూడా ఆగలేదు, అది కోర్టులో చెప్పాలనే ఉంది.

ఆ క్లిప్ నేను ఎక్కడా పోస్ట్ చేయలేదు. తమ్ముడు చేద్దామన్నాడు, వద్దన్నాను.

మొన్న సమన్లు వచ్చాయి. వచ్చే నెల వాయిదా. కెమెరా కూడా వెంట తెచ్చుకోమని చెప్పారు. అందుకే దాన్ని పక్కన పెట్టాను. ఆ రోజు వరకూ వాడుకోమని తమ్ముడు వేరే గోప్రో ఇచ్చాడు, దానికి కూడా ట్యూబు ముక్క చుట్టించి తెచ్చుకున్నాను.