గౌతమి గట్టున జపాన్ మేపుల్

జపాన్ మేపుల్ మన డెల్టాలో బతుకుతుందా అని, కడియం నర్సరీలు చూడడానికి వచ్చే బంధువులు నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు. ఆ చెట్టును నేను రెండు చోట్ల పెంచాను. ఒకటి అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్‌లో మా అబ్బాయి ఇంటి ముందు 2017 అక్టోబరులో నాటినది. అది నిక్షేపంగా ఉంది. రెండవది గౌతమి గట్టుకు అరమైలు దూరంలో, ఆలమూరు దగ్గర మా పెరట్లో కుండీలో పెట్టినది. అది రెండేళ్ల మూడు నెలలు బతికి 2023 మే నెలలో పోయింది. చూసినవారందరూ ఎండకు పోయిందన్నారు. నేను అలా అనుకోవడం లేదు.

ఈ చెట్టు పుట్టిల్లు జపాన్, కొరియా ప్రాంతాలు. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ పీటర్ తున్‌బెర్గ్ 1784లో దీనికి ఏసర్ పామాటమ్ అని పేరు పెట్టాడు. అరచేతి వంటి ఆకు గలదని ఆ రెండవ మాటకు అర్థం. జపాను వారు మేపుల్‌ను కయెదె అంటారు. ‘కప్ప చేయి’ అనే పాత మాట అరిగి అలా అయిందట. నర్సరీలో మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ, ‘ఏమండీ, ఇది గోంగూర కాదూ’ అంది. నవ్వాను గాని, ఎర్రటి కాడతో, రంపపు అంచుతో, వేళ్లుగా చీలిన ఆకును చేతిలోకి తీసుకుని చూశాక, తున్‌బెర్గ్ పోలిక కన్నా ఆమె పోలికే దగ్గరగా ఉందనిపించింది. దీనిలో వెయ్యికి పైగా రకాలున్నాయి. దారాల వంటి ఆకులతో గొడుగులా కిందికి వాలే పొట్టి రకాలను కాదని, నిటారుగా పెరిగి పదిహేను ఇరవై అడుగులకు చేరే బ్లడ్‌గుడ్ అనే ముదురెరుపు రకాన్ని మా అబ్బాయి ఎంచుకున్నాడు.

పొరపాటు నేను మొదటి రోజే చేశాను. మా వైపు కొబ్బరి మొక్క పెట్టడమంటే, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి, మొక్కను లోపలికి దించి, అది ఎదిగేకొద్దీ మట్టి పూడ్చుకుంటూ రావడం. చేతికి అలవాటైన పని అదే కనుక అక్కడా అలాంటి గొయ్యే తవ్వి సిద్ధంగా ఉంచాను. మొక్కను తీసుకువచ్చిన నర్సరీ మనిషి ఆ గోతిలోకి తొంగి చూసి, ముందు దానిని సగానికి పైగా పూడ్చమన్నాడు. కొబ్బరికి మాను మొదట్లో నుంచి కొత్త వేళ్లు పుడుతూనే ఉంటాయి కాబట్టి మట్టి ఎక్కినా దానికి నష్టం లేదు. మేపుల్ వేళ్లు సన్నగా, దట్టంగా నేల పైపొరలోనే పరుచుకుంటాయి. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు మట్టిలో కూరుకుపోతే అక్కడి బెరడు తడికి పాడై, వేళ్లకు గాలి ఆడక, చెట్టు కొన్నేళ్లపాటు క్షీణించి, చివరికి పైకి ఏ కారణమూ కనిపించకుండానే చచ్చిపోతుంది. అందుచేత గొయ్యి లోతు వేరుముద్ద ఎత్తు కంటే కొంచెం తక్కువగాను, వెడల్పు దానికి రెండు మూడింతలుగాను ఉండాలి. బీవర్టన్ నేల బంకమట్టి, పైగా అక్కడ వానలు చలికాలంలోనే ఎక్కువగా కురుస్తాయి కనుక, మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే రెండంగుళాలు మెరకగా ఉండేటట్లు తవ్విన మట్టినే తిరిగి పోశాము. డబ్బాలో చుట్టలు చుట్టుకుపోయిన వేళ్లను చేతితో విడదీసి, విడివడని వాటిని కత్తితో కోస్తుంటే, మా అబ్బాయి ‘నాన్నగారూ, అది మూడు వందల డాలర్ల మొక్కండీ’ అని రెండుసార్లు గుర్తు చేశాడు.

మనం తొలకరికి నాటినట్లు, అక్కడ ఆకు రాలే కాలానికి నాటుతారు. అప్పటికి కొమ్మలకు నీటి అవసరం తగ్గిపోతుంది, నేలలో మాత్రం వెచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది, వానలూ మొదలవుతాయి. వసంతంలో చిగురించేలోగా వేళ్లు కుదురుకుంటాయి. చోటు విషయంలో మేము తూర్పు గోడ పక్కను ఎంచుకున్నాము. పొద్దుటి ఎండ బొత్తిగా లేకపోతే ఈ రకం ఎరుపు వెలిసి ఆకుపచ్చకు తిరుగుతుంది, పడమటి ఎండ ఎక్కువైతే ఆకుల అంచులు మాడిపోతాయి. జులై, ఆగస్టు నెలల్లో అక్కడ దాదాపు వానే ఉండదు కనుక మొదటి రెండు వేసవులూ వారానికి ఒకటి రెండు సార్లు, వేరు అడుగు దాకా తడిసేటట్లు నిదానంగా నీరు పెట్టారు. చెట్టు బెరడు ముక్కలను మొదలు చుట్టూ మూడంగుళాల మందాన పరిచి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలారు. ఎరువు అసలు వేయలేదు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు సన్నగా, పొడుగ్గా సాగి రంగు చెడుతుందని చదివి, నేను ఎక్కడ యూరియా చల్లుతానో అని మా కోడలు నా మీద ఒక కన్ను వేసి ఉంచింది. కత్తిరింపు ఆకులు లేని చలికాలంలో చేస్తేనే కొమ్మల అమరిక కంటికి తెలుస్తుంది. అయితే చిగురు కదిలే ముందు రసం పైకి పొంగే రోజుల్లో కోస్తే గాయం నుంచి నీరు కారుతూనే ఉంటుంది.

ఇక మా పెరటి మొక్క సంగతి. 2021 ఫిబ్రవరిలో హిమాలయ ప్రాంతపు నర్సరీ ఒకటి మూడడుగుల అంటు మొక్కను పార్సిలులో పంపింది. మా నేల ఒండ్రు బంకమట్టి. శ్రావణ, భాద్రపదాలలో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది కనుక నేలలో పెట్టే ఆలోచనే చేయలేదు. పెద్ద మట్టి కుండీలో గోదావరి ముతక ఇసుక, బాగా మాగిన ఆకుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపాను. మనకు చవకగా దొరికే కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, మేపుల్ ఉప్పును ఏమాత్రం సహించదు. అందుకని ఆ పొట్టును మూడు రోజులపాటు నీళ్లు మారుస్తూ కడిగాను. బోరు నీరు పోయకుండా కాలువ నీరు పోశాను, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో తొట్టెలో దాచుకున్న వాన నీటితో నెట్టుకొచ్చాను. కుండీని తూర్పు అరుగు మీద, కొబ్బరి నీడలో, షేడ్‌నెట్ కింద ఉంచాను. ఆ ఏడాది రోహిణీ కార్తెలో ఆకుల అంచులు మాడాయి గాని, జులైలో మళ్లీ ఎర్రగా చిగురించింది. ఎండ దానిని చంపగలిగి ఉంటే అప్పుడే చంపి ఉండేది.

దెబ్బ తగిలినది చలికాలంలో. ఇటువంటి చెట్లు ఆకు రాల్చి నిద్రపోయాక, మొగ్గలు తిరిగి మేలుకోవడానికి కొన్ని వారాలపాటు ఏడు డిగ్రీల లోపు చలి తగలాలి. చలి లెక్క సరిపడితేనే వెచ్చదనం వచ్చినప్పుడు మొగ్గలన్నీ ఒక్కుమ్మడిగా విచ్చుకుంటాయి. మా ఊళ్లో ధనుర్మాసపు తెల్లవారుజామున ముగ్గు వేసే ఆడవాళ్లు శాలువా కప్పుకుంటారు గాని, పాదరసం పదిహేను కిందికి దిగడం అరుదు. మా మొక్క డిసెంబరులో ఆకును పూర్తిగా రాల్చలేదు. కొన్ని ఎండి కొమ్మనే వేలాడాయి, కొన్ని పచ్చగానే ఉండిపోయాయి. 2022 మార్చిలో కొమ్మల కొసన ఉన్న మొగ్గలు కొన్ని మాత్రమే తెరుచుకున్నాయి, మిగిలిన కొమ్మలు గోటితో గీరితే పచ్చగా ఉన్నా ఏప్రిల్ దాకా మొద్దుబారి ఉన్నాయి. రెండవ చలికాలం తరువాత ఆ కొమ్మలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఉన్న నాలుగు ఆకులతో తిండి తయారు చేసుకోలేక, దాచుకున్న సత్తువంతా ఖర్చయిపోయాక, మే నెల వడగాలి చివరి పని చేసింది.

ఏసీ గదిలో పెడితే బతికేదేమో అని మా తోడల్లుడు ఇప్పటికీ అంటాడు. ఏసీ ఇచ్చే ఇరవై డిగ్రీలు ఈ చెట్టుకు చలే కాదు. ఇంకొందరు నీలిరంగు జపాన్ మేపుల్ గింజలని ఫోనులో బొమ్మలు పంపి కొనమంటారా అని అడుగుతారు. నీలిరంగు ఆకుల జపాన్ మేపుల్ లేదు, అవి రంగు మార్చిన ఫొటోలు. అసలైన గింజలు కొన్నా, తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితేనే మొలుస్తాయి, మొలిచినవి తల్లి రకాన్ని పోలి ఉంటాయన్న నమ్మకమూ లేదు. ఎర్రాకు మీద అంత మోజు ఉన్నవారికి నేను బాదం చెట్టు చూపిస్తాను. మా వీధి చివర బాదం చలికాలం చివర రాలే ముందు ఒక్కొక్క ఆకూ కుంకుమ రంగుకు తిరుగుతుంది, దానికి చలి లెక్కలతో పనిలేదు. స్థలం లేనివారికి కడియంలో దొరికే క్రోటన్లూ, రాగి రంగు అకాలిఫాలూ చాలు.

బీవర్టన్ చెట్టు బాధ్యత ఇప్పుడు వీడియో కాల్‌లో సాగుతోంది. మొన్న మా అబ్బాయి, చెట్టు మొదలు దగ్గర నుంచి ఒక కొమ్మ తక్కిన వాటికంటే జోరుగా, ఆకుపచ్చగా వస్తున్నదని సంతోషంగా చూపించాడు. ఫోను కిందికి దించి చూపించమన్నాను. అది అంటు కట్టిన ఎర్ర రకానిది కాదు, కట్టు కింద ఉన్న నాటు మొక్క వేరు నుంచి లేచిన పిలక. అలాగే వదిలేస్తే నాలుగేళ్లలో ఎర్ర చెట్టును మింగేస్తుంది. కత్తెరతో పైపైన కోస్తే రెండు పిలకలు వస్తాయని చెప్పి, మట్టి తప్పించి, పుట్టిన చోటి దాకా వెళ్లి కాండానికి ఆనించి తీసేయించాను. పని పూర్తయ్యేసరికి ఇక్కడ రాత్రి పదకొండయింది.